పుట్టింటి మాటకు పరీక్ష

పదకొండో భాగం

కత్తెరమ్మ మంచం ఉంటుందా, పోతుందా అన్నది కిందటి వారానికి తేలలేదు.

బట్టల కార్ఖానాలో గుడ్డ కత్తిరించడం ఆమె పని. అక్కడ అందరూ ఆమెను కత్తెరమ్మ అనే పిలిచేవారు. ఒక పొద్దున కత్తెర పట్టే చెయ్యే పడిపోయింది. దాంతోపాటే మాట కూడా పడిపోయింది. ఆస్పత్రివాళ్లు ప్రాణం నిలబెట్టి, పోయిన మాట మళ్లీ నేర్పే ఈ కేంద్రానికి పంపారు. ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. చెప్పింది అర్థమయ్యేవాళ్లకే మంచం. అర్థం కానివాళ్లను ఊరి చివరి వార్డుకు పంపేస్తారు. అక్కడ తిండి పెడతారు, పక్క మారుస్తారు. మాట నేర్పేవాళ్లు మాత్రం ఉండరు. అక్కడికి వెళ్లినవాళ్లు ఇక్కడికి తిరిగి వచ్చింది లేదు.

మొదటి పరీక్షలో కత్తెరమ్మ తప్పింది. తలుపు చూపించమంటే దుప్పటి కేసి చూసింది. కళ్లు మూసుకోమంటే పరీక్షలావిడ మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆ పరీక్ష ఊళ్లో అందరూ మాట్లాడే భాషలో జరిగింది. ఇంట్లో ఏం మాట్లాడతారని ముందే అడిగితే, భర్త ఆ భాష పేరే చెప్పాడు. ఇంకో భాష ఉందా అంటే లేదన్నాడు. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. రెండో మాట పెట్టుకోడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నర్సు ఒళ్లు తుడుస్తుంటే కత్తెరమ్మ ఏదో అంది. నర్సుకు అర్థం కాలేదు. కానీ అది ఊరికే చేసిన చప్పుడు కాదనీ, మాటేననీ తెలిసింది. పరీక్షలావిడ చెవిన వేసింది. పరీక్షలావిడ టైమ్‌కీపరును మళ్లీ కూర్చోబెట్టి అడిగింది. అప్పుడు బయటపడింది, కత్తెరమ్మ పుట్టింటి భాష వేరని. ఒక చెల్లెలు ఉందనీ, ముప్పై ఏళ్లుగా రాకపోకలు లేవనీ కూడా బయటపడింది. ఆ చెల్లెలికి కబురు వెళ్లింది. స్కూలు పిల్లలను దింపేసి, ఖాళీ వ్యానుతో ఆమె కేంద్రం గేటు దగ్గర ఆగిన చోట కిందటి వారం మనమూ ఆగాం.

చెల్లెలు తాళాలు వేలికి తిప్పుకుంటూ లోపలికి వచ్చింది. నడవా పొడుగునా చక్రాల కుర్చీలు రాసుకుని గోడ రంగు ఒకే ఎత్తులో లేచిపోయి ఉంది. బల్ల మీద టైమ్‌కీపర్ కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మోకాళ్ల మీద చేతులు.

"ఏం బావగారూ, బాగున్నారా? అక్కను కళ్లల్లో పెట్టి చూసుకుంటానని మా నాన్నకు మాటిచ్చారుగా. బాగానే చూసుకున్నట్టున్నారు."

"రా," అన్నాడు టైమ్‌కీపర్. "వ్యాను ఎక్కడ పెట్టావు? గేటు పక్కన అంబులెన్సు తిరుగుతుంది."

"ముప్పై ఏళ్లకు కనపడితే మీకు నా వ్యానే గుర్తొచ్చింది. ఏం మారలేదు మీరు. నాకూ గుర్తుపట్టడం తేలికైంది."

"అడ్డంగా పెట్టావా లేదా?"

"లేదు లెండి. మీరు చెయ్యి ఊపకుండానే పెట్టడం వచ్చింది నాకు."

పరీక్షలావిడ వచ్చి చెల్లెలిని పక్క గదిలోకి తీసుకెళ్లింది. వయసులో చిన్నది. పెద్దగా నవ్వదు. బల్ల మీద కొన్ని బొమ్మ అట్టలు, ఒక గ్లాసు, చెంచా, తాళంచెవి, స్టాప్‌వాచ్ ఉన్నాయి. చదవాల్సిన కాగితాలు చెల్లెలి చేతిలో పెట్టింది. అవి పుట్టింటి భాషలో అచ్చువేసినవి.

"మొన్నటి ప్రశ్నలనే నేను మా భాషలో మార్చి అడిగేస్తే సరిపోదా అమ్మా?"

"సరిపోదండి. ఒక భాషలో చంటిపిల్లలకు కూడా తెలిసిన మాట, ఇంకో భాషలో పెద్దవాళ్లు కూడా అరుదుగా వాడేది కావచ్చు. ఇది మీ భాషవాళ్ల మీదే సరిచూసి తయారుచేసింది. ఉన్నది ఉన్నట్టు చదవండి. ఒక్కసారే."

"అక్కకు అందకపోతే?"

"ఆగండి."

"ఎందాకా?"

"నేను చెయ్యి ఎత్తేదాకా."

"మొదటి అక్షరం అందిస్తే తప్పా?"

"తప్పే."

"పిల్లలు వ్యాను ఎక్కేటప్పుడు మేమూ చెయ్యి అందిస్తామమ్మా. అందిస్తే ఎక్కేస్తారు."

"ఇక్కడ అందిస్తే నేను కొలిచేది మీ మాట అవుతుంది. ఆవిడది కాదు."

చెల్లెలు తాళాలు సంచిలో వేసుకుంది.

గుమ్మం దగ్గర టైమ్‌కీపర్ నిలబడి ఉన్నాడు. తనూ లోపల ఉంటానన్నాడు.

"మీకు ఆ భాష వచ్చా?" అని అడిగింది పరీక్షలావిడ.

"ఒక్క ముక్క రాదు."

"అయితే ఉండండి. వచ్చినవాళ్లు ఎదురుగా ఉంటేనే ఇబ్బంది. తెలియకుండానే తల ఊపేస్తారు. ఆ మూల కుర్చీలో కూర్చోండి, మాట్లాడకండి."

"మాట్లాడటం ఆయనకు అలవాటు లేదులే," అంది చెల్లెలు.

కత్తెరమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. మూతి ఒక పక్కకు లాగేసింది. కుడి చెయ్యి ఒళ్లో ఎవరో పెట్టిపోయిన వస్తువులా పడి ఉంది. చెల్లెలు మంచం దగ్గరికి వెళ్లి పుట్టింటి భాషలో అక్కా అని పిలిచింది. కత్తెరమ్మ చాలాసేపు చూసింది. ఎడమ చెయ్యి చాపి చెల్లెలి చొక్కా అంచు పట్టుకుంది. కుట్టును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసింది. ఏదో అంది. మాట ముద్దగా వచ్చింది.

చెల్లెలు పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఏమన్నారు?" అని అడిగింది పరీక్షలావిడ.

"ఇది కుట్టినవాడిని పనిలోంచి తీసేయమంటోంది."

పరీక్షలావిడ ఆ మాట ఎక్కడా రాసుకోలేదు. పరీక్ష ఇంకా మొదలు కాలేదు.

మొదలయ్యాక చెల్లెలి గొంతు మారిపోయింది. స్కూలు గంట కొట్టినట్టు ఒక్కో మాటా విడివిడిగా చదివింది. కిటికీ చూపించమంది. కత్తెరమ్మ కిటికీ చూపించింది. తాళంచెవి ముట్టుకోమంది. ముట్టుకుంది. గ్లాసు ఎత్తమంది. ఎత్తింది. చెల్లెలి మొహం విప్పారింది.

మూల నుంచి టైమ్‌కీపర్ చెయ్యి ఎత్తాడు. "ఒక మాట చెప్పచ్చా?"

"చెప్పండి."

"మా మరదలు ఏది అడుగుతుందో దాని వైపే చూస్తోంది. కళ్లతో చెప్పేస్తోంది."

"అబద్ధం!" అంది చెల్లెలు.

"కావాలని కాదు. చూస్తున్నావు."

"అక్క గట్టెక్కుతుంటే ఓర్వలేకపోతున్నారా బావగారూ?"

"మంచాల సంగతి తేల్చే కమిటీ తర్వాత తప్పు పడితే? ఇప్పుడే సరిచేసుకోవాలి కదా," అన్నాడు ఆయన.

పరీక్షలావిడ ఆయన చెప్పింది నిజమేనంది. చెల్లెలి కుర్చీని మంచం తలవైపుకు జరిపి, గోడకేసి తిప్పేసింది. అప్పటిదాకా వచ్చిన జవాబులు కొట్టేసింది. కాగితాల్లో అంతే కష్టమైన ప్రశ్నలు ఇంకో వరస ఉన్నాయి. వాటితో మళ్లీ మొదలుపెట్టారు. చెల్లెలు గోడ మీది బీటను చూస్తూ చదివింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

కత్తెరమ్మకు తేడా ఏమీ రాలేదు. వెనక నుంచి వచ్చే గొంతు చెప్పినట్టే చేసింది. చెంచాను గ్లాసులో వేయమంటే వేసింది. తాళంచెవిని గ్లాసు వెనక పెట్టి, ఆ తర్వాత కళ్లు మూసుకోమంటే, పెట్టి, మూసుకుంది. ఎవరూ తెరవమనలేదు. కాబట్టి అలాగే కూర్చుంది. చెల్లెలికి వెనక ఏం జరుగుతోందో కనపడదు. పరీక్షలావిడ పెన్ను కదిలే చప్పుడు వింటూ తర్వాతి ప్రశ్న చదివింది.

తర్వాత బొమ్మలు. ఒక్కో అట్టనూ పరీక్షలావిడ మంచం ముందు పట్టుకుని వాచీ నొక్కేది. ఆ వస్తువు పేరు కత్తెరమ్మ చెప్పాలి. రావాల్సిన పేర్లు వరసగా ఉన్న కాగితం చూసి, చెల్లెలు వెనక నుంచి సరైతే ఒక చిటికె, కాకపోతే రెండు వేసి చెప్పాలి. చెట్టు, చేప, దువ్వెన, గొడుగు. మాటకు ముందు పెదవులు కాసేపు కొట్టుకునేవి. వచ్చిన మాట మాత్రం సరైనదే. సూదిని దారం అంది. కొంతసేపయ్యాక అదే అట్ట మళ్లీ చూపిస్తే మళ్లీ దారమే అంది. కార్ఖానాలో జీవితం గడిపిన మనిషి. మూల కుర్చీలో టైమ్‌కీపర్ తల దించుకున్నాడు. బట్టలుతికే మెషీను, లిఫ్టు, ఫోను ఛార్జరు బొమ్మలు వచ్చాయి. మూడూ చెప్పింది. మూడో దానికి చెల్లెలి చిటికె ఆలస్యంగా పడింది.

చివరి అట్ట పక్కన పెట్టి పరీక్షలావిడ లెక్క చూసుకుంది. "ఇటు తిరగండి," అంది.

చెల్లెలు తిరగలేదు. "ముందు చెప్పు తల్లీ. తర్వాత తిరుగుతాను."

"అర్థం చేసుకునే భాగం దాటారు. బాగానే దాటారు."

చెల్లెలు తిరిగి అక్క భుజం పట్టుకుంది. "అయితే మంచం ఉన్నట్టే?"

"సగం ఉన్నట్టు."

"సగం మంచం మీద మనిషెలా పడుకుంటుందమ్మా?"

పరీక్షలావిడ ఈసారి కొంచెం నవ్వింది. వెంటనే మానేసింది. "మధ్యాహ్నం కమిటీ కూర్చుంటుంది. ఆవిడకు మాట నేర్పాలా వద్దా అన్నది వాళ్లు తేలుస్తారు. నేర్పితే మీ భాషలోనే నేర్పాలి, ఇంకో దారి లేదు. కానీ మేం రోజుకు గంటసేపు మాట్లాడిస్తాం. మిగతా పొద్దంతా ఎవరు మాట్లాడతారని కమిటీ అడుగుతుంది. ఇక్కడి నుంచి వెళ్లాక కూడా ఆవిడ ఉండే ఇంట్లో, ఆ భాషలో మాట్లాడే మనిషి ఒకరుండాలి. లేకపోతే నేర్పింది నిలవదంటారు. మంచం కోసం బయట ఇంకొకరు ఎదురుచూస్తున్నారు."

"నేనున్నానుగా."

"మీరు అదే ఇంట్లో ఉంటారా?"

"మా ఇంటికి తీసుకుపోతాను."

"దాని ఇల్లు దానికి ఉంది," అన్నాడు టైమ్‌కీపర్.

"ఇల్లుంది. నోరు తెరిచే వీలే లేదు. పెళ్లయిన కొత్తలో నేనొస్తే మీరేమన్నారో చెప్పనా? మీ గుమ్మం లోపల మా భాష వినపడకూడదన్నారు. అక్క నాతో కూడా మీ భాషలోనే మాట్లాడింది, చుట్టాలతో మాట్లాడినట్టు. ఆ రోజు బయటికొచ్చినదాన్ని, ఇదే మళ్లీ మీ మొహం చూడటం."

"ఎందుకు ఆపేశారు?" పరీక్షలావిడ ఆయన్ని అడిగింది. గొంతులో కోపం లేదు. అది కూడా ఆమె తెలుసుకోవాల్సిందే.

"నువ్వు చెప్పేది పెద్దాడు పుట్టాక సంగతి. కొత్తలో కాదు," అని మరదలికి సరిచేసి, ఆయన పరీక్షలావిడ వైపు తిరిగాడు. "పెద్దాడికి మాట ఆలస్యమైంది. ఇంట్లో ఎన్ని భాషలని స్కూల్లో అడిగారు. రెండన్నాను. అందుకే పిల్లాడు తికమకపడుతున్నాడు, ఒకటి తీసేయమన్నారు. తీసేశాను."

"ఏది తీసేయాలో కూడా వాళ్లే చెప్పారా?" అంది చెల్లెలు.

"ఊళ్లో నడిచేది ఉంచాలి కదా."

"ఊళ్లో నడిచేది కాదు, మీ నోట్లో నడిచేది ఉంచారు."

"అప్పట్లో అలాగే చెప్పేవాళ్లు," అంది పరీక్షలావిడ. "ఇప్పుడు చెప్పరు. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు."

"ఇప్పుడు చెప్పకపోతే నాకేం లాభం?"

ఎవరినీ తప్పుపడుతున్నట్టు ఆయన అనలేదు. బస్సు వెళ్లిపోయిందని ప్రయాణికులకు చెప్పినట్టు అన్నాడు.

కత్తెరమ్మ ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. వాళ్లు మాట్లాడుకుంటున్న భాషలో ఆమె ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసింది, పిల్లల్ని పెంచింది, కూరగాయలు బేరమాడింది. ఇప్పుడు అది ఆమెకు వాన చప్పుడుతో సమానం.

పరీక్షలావిడ బొమ్మ అట్టల్లో నుంచి లిఫ్టు బొమ్మ తీసి బల్ల మీద పెట్టింది.

"ఒక సంగతి నాకు కుదరడం లేదు. ముప్పై ఏళ్లు వాడని భాష ఇలా ఉండదు. చిన్నప్పటి మాటలు ఉంటాయి. చెట్టు, చేప, నీళ్లు. మిగతావాటికి మనిషి వెతుక్కుంటాడు. ఈవిడకు గొడుగు అనడానికి ఎంతసేపు పట్టిందో లిఫ్టు అనడానికీ అంతే పట్టింది."

"నేనూ అందుకే ఆగాను," అంది చెల్లెలు. ఆమె గొంతులో వెటకారం పోయింది. "మా ఊళ్లో అప్పుడు లిఫ్టు ఎక్కడిది? ఫోను ఛార్జరు ఎక్కడిది? అక్క పెళ్లి నాటికి మావాళ్లు ఆ వస్తువులే ఎరగరు. ఆ మాటలు మా వాళ్లలోకి వచ్చిందే తర్వాత. నేనైతే చెప్పలేదు. అక్కకు ఎవరు చెప్పారు?"

"కార్ఖానాలో మీ భాషవాళ్లు ఉన్నారా?"

"లేరు," అన్నాడు టైమ్‌కీపర్. "అక్కడ అందరూ మావాళ్లే."

"ఇరుగుపొరుగు?"

"లేరు."

"పిల్లలు?"

"వాళ్లకు రాదు. రానివ్వలేదుగా."

"మరి ఆవిడ ఎవరితో మాట్లాడేవారు?"

"ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ భాష నా ఇంట్లో వినపడలేదు." ఆయన చేతి గడియారం మణికట్టు మీద సరిచేసుకున్నాడు. అది సరిగానే ఉంది.

"ఎవరో ఒకరు ఉన్నారండి," అంది పరీక్షలావిడ. "ఈ భాష మొన్నమొన్నటిదాకా రోజూ నోట్లో ఆడింది. కొలత అదే చెబుతోంది. ఆ మనిషెవరో తెలిస్తే కమిటీ ముందు పెడతాను. మంచం నిలబడుతుంది. తెలియకపోతే నా దగ్గర ఇంకేమీ లేదు." ఆమె చెల్లెలి వైపు తిరిగింది. "ఆవిడనే అడుగుదాం. మీరు మళ్లీ అటు తిరగండి. ఒక్కసారే అడగండి."

చెల్లెలు గోడకేసి తిరిగింది. పుట్టింటి భాషలో, ఈసారి కాగితం లేకుండా అడిగింది. ఇన్నేళ్లూ ఈ మాట ఎవరితో ఆడావు అక్కా అని.

పరీక్షలావిడ అలవాటుగా వాచీ నొక్కింది.

కత్తెరమ్మ పెదవులు కొట్టుకోలేదు. ఆమె కళ్లు కిటికీ మీదికి వెళ్లి, అక్కడ నుంచి మూలకు వెళ్లి ఆగాయి. తర్వాత మాట వచ్చింది. పొద్దుటి నుంచి ఆమె అన్నవాటిలో అదే పొడుగు మాట. మధ్యలో తెగలేదు.

చెల్లెలు గబుక్కున వెనక్కి తిరిగింది. చెప్పడానికి నోరు తెరిచింది. ఆమె చెప్పేలోపే మూల కుర్చీ కిర్రుమంది.

టైమ్‌కీపర్ లేచాడు. ఎవరి వైపూ చూడకుండా మంచం చుట్టూ తిరిగి గుమ్మం దాకా వెళ్లాడు. తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

"ఏమన్నారు?" అంది పరీక్షలావిడ.

చెల్లెలు బావగారి వీపునే చూస్తోంది. "ఆయన్ని బయటికి పంపితే చెబుతానంది," అంది నెమ్మదిగా.

పరీక్షలావిడ చేతిలో వాచీ ఇంకా నడుస్తోంది. ఆమె గడియ మీది చేతిని చూసింది.

"మీకు ఒక్క ముక్క రాదన్నారు," అంది.

టైమ్‌కీపర్ గడియ పట్టుకునే ఉన్నాడు. తలుపు తీయలేదు.

మంచం మీద నుంచి కత్తెరమ్మ ఇంకో మాట అంది. ఈసారి చిన్న మాట, ఇంటి లోపల పక్క గదిలోని మనిషిని పిలిచినంత మామూలుగా.

చెల్లెలు దాన్ని మార్చి చెప్పలేదు. చెప్పమని పరీక్షలావిడ అడగలేదు.

టైమ్‌కీపర్ గడియ మీద నుంచి చెయ్యి తీసేశాడు. వెనక్కి తిరిగి, భార్యకు జవాబు చెప్పాడు, ఆమె భాషలో.